పలుగు మనది, పుస్తకం ఎవరిది?

జగ్గయ్యపేట పక్కన ధనం బోడు అనే గుట్ట ఉంది. ఆ పేరు పెట్టినోళ్ళు దాని కడుపులో ధనం ఉందనుకున్నారు. తవ్వితే రాళ్ళు బయటపడ్డాయి. ఆ రాళ్ళే అసలు ధనమని తెలిసినోళ్ళు వచ్చి, మంచివి ఏరుకుని మద్రాసు పట్టుకుపోయారు.

1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. అమరావతినీ జగ్గయ్యపేటనూ కలిపి 1887లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఇక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం పేరు శిల్పకళ చదివే వాళ్ళందరికీ తెలుసు. రాజు చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నలుచదరపు నాణాలు రాలుతుంటాయి. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. జగ్గయ్యపేటలో పుట్టి పెరిగిన మన పిల్లలు దాన్ని చూడాలంటే చెన్నై రైలెక్కాలి. 2022 ఏప్రిల్ నుంచి జగ్గయ్యపేట, నందిగామలను ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు. జిల్లా పేరు మారింది గానీ రాయి మాత్రం తిరిగి రాలేదు.

ఆ గుట్ట మీద దొరికిన ఒక శాసనం గురించి మన పేటల్లో ఎంతమందికి తెలుసు? ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే సుమారు 1700 ఏళ్ళ కింద రాయించింది. రాయించింది రాజు కాదు, రాణీ కాదు. సిద్ధార్థుడనే పనివాడు. అతని తండ్రి నాకచందుడూ పనివాడే. శాసనంలో వాళ్ళ వృత్తిని 'ఆవేసని' అని రాశారు. చేతిపనివాళ్ళ మేస్త్రి అని మనం చెప్పుకోవచ్చు. వెలగిరి అనే ఈ ఊళ్ళో బుద్ధుడి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. రాయి మీద తన పేరొక్కటే చెక్కించుకోలేదు. తల్లి నాగిలని పేరు, భార్య పేరు, కొడుకు పేరు, కూతురి పేరు, తమ్ముడి కుటుంబం పేర్లు అన్నీ చెక్కించాడు. పనిచేసే చెయ్యి తన ఇంటిల్లిపాది పేర్లూ రాయి మీద రాసుకున్న కాలం ఒకటి ఈ నేల మీదే నడిచింది.

ఇప్పుడు 1882కి రండి. ఆ శాసనం మీద మన్ను తీసిందెవరు? ఎండలో పలుగేసిందెవరు? తట్టలెత్తిన ఆడోళ్ళెవరు? సిద్ధార్థుడి అమ్మ పేరు మనకు తెలుసు. మన్ను తీసిన కూలోళ్ళలో ఒక్కరి పేరు కూడా మనకు మిగల్లేదు. 1700 ఏళ్ళ కిందటి పనివాడికి దక్కిన గౌరవం 1882 నాటి కూలివాడికి దక్కలేదు. ఇప్పటి కూలివాడికైనా దక్కుతోందా?

తవ్వకాల బడి గురించి మన పత్రికలో రాయటానికి కారణం ఇదే. పురావస్తు తవ్వకం ఒక చదువు. పుస్తకం ముందేసుకుని గదిలో కూర్చుంటే రాదు, గుంటలో దిగి నేర్చుకోవాలి. ఆ గుంటలో మనోళ్ళు వందేళ్ళకు పైగా ఉన్నారు, కూలోళ్ళుగా. విద్యార్థులుగా ఉన్నది మాత్రం బహు కొద్దిమంది. ఆ కొద్దిమందికీ అక్కడ ఏం నేర్పారు, ఏం నేర్పలేదు అనేది మన ఉద్యమానికి సంబంధించిన ప్రశ్న.

తవ్వకాల బడి అంటే ఏంది?

మన దేశంలో పద్ధతి ప్రకారం తవ్వకాలు నేర్పే బడి 1944లో తక్షశిలలో మొదలైంది. పెట్టింది మార్టిమర్ వీలర్. సైన్యంలో బ్రిగేడియర్‌గా పనిచేసి, పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చినవాడు. యూనివర్సిటీల నుంచీ శాఖ నుంచీ కుర్రాళ్ళను పిలిపించి నెలల తరబడి గుంటల్లో నిలబెట్టి నేర్పాడు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో, 1947లో కన్నడ దేశంలోని బ్రహ్మగిరిలో అదే పద్ధతి నడిపాడు. తర్వాత 1959లో పురావస్తు శాఖ సొంతంగా ఒక బడి పెట్టుకుంది. 1985లో దాన్ని ఇన్‌స్టిట్యూట్ చేశారు. ఇప్పుడది ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఉంది. ఇదిగాక, పురావస్తు శాస్త్రం చెప్పే యూనివర్సిటీలు ఎం.ఏ. పిల్లల్ని కొన్ని వారాలు తవ్వకాల శిబిరానికి తీసుకుపోతాయి.

అక్కడ నేర్పేదాన్ని మన మాటల్లో చెప్పుకుందాం. దిబ్బ మీద మేకులు కొట్టి పురికొస లాగి నలుచదరపు మడులు గీస్తారు. మడికీ మడికీ మధ్య గట్టు వదులుతారు, మన పొలంగట్టు లాగే. ఒక్కో మడిలో పైనుంచి పొరపొరగా మన్ను తీస్తారు. కింది పొర పాతది, పై పొర కొత్తది. గట్టు ముఖాన్ని తాపీతో నున్నగా గీకితే పొరలన్నీ చీరంచుల్లాగా కనపడతాయి. ఏ పొరలో ఏ పెంకు దొరికిందో, ఎంత లోతులో దొరికిందో కొలిచి చీటీ రాసి సంచిలో వేస్తారు. తీసిన మన్నును జల్లెడ పడతారు. పెంకులు కడిగి, ఎండబెట్టి, లెక్క రాస్తారు. గట్టు బొమ్మ గళ్ళ కాగితం మీద గీస్తారు. సాయంత్రం డైరీ రాస్తారు.

ఎందుకింత తతంగం? తవ్వకమంటే పుస్తకం చదువుతూ ఒక్కో పేజీని చించెయ్యటం లాంటిది. ఒకసారి తీసిన మన్నును మళ్ళీ అదే చోట అదే తీరున పెట్టలేం. రాసుకున్నదే మిగుల్తుంది, రాసుకోనిది పోతుంది. ఇది గట్టి శాస్త్రం. మనం దీన్ని కాదనటం లేదు. నేర్చుకోవాలంటున్నాం.

అయితే ఆ శాస్త్రంతో పాటు ఒక వరసక్రమం కూడా గుంటలోకి దిగింది. పైన డైరెక్టరు, ఆయన కింద సూపర్‌వైజర్లు, వాళ్ళ కింద మేస్త్రి, ఆ కింద పలుగు పట్టేవాడు, అట్టడుగున తట్ట మోసేవాళ్ళు. వీలర్ సైన్యం నుంచి తెచ్చిన వరస సగం, మన ఊరి వరస సగం. రెండూ ఒకదాన్నొకటి చూసుకుని భలే కలిసిపోయాయి. పుస్తకం పట్టినోడు గట్టు మీద, పలుగు పట్టినోడు గుంటలో. ఈ బొమ్మ మనకు కొత్తా? పొలంలో చూడలేదా? కల్లంలో చూడలేదా?

మన పిల్లలు పోతే ఏమవుతుంది?

నేను యూనివర్సిటీలో చదివేటప్పుడు అలాంటి శిబిరానికి పోయాను. ఏ యూనివర్సిటీ, ఏ ఊరు అనేది ఇక్కడ ముఖ్యం కాదు. నా తర్వాత వేరే వేరే చోట్ల చదివి పోయొచ్చిన మన పిల్లలు కూడా ఇంచుమించు ఇవే చెప్పారు గనక రాస్తున్నాను.

మొదటి గడప డబ్బు. శిబిరం సరిగ్గా మిరపకోతల కాలంలో పడుతుంది. మన మెట్టలో ఏడాదికి నాలుగు రూపాయలు కనపడేది అప్పుడే. కూలికి పోయే చెయ్యి ఇంట్లోంచి తగ్గుతుంది, పైగా బస్సు చార్జీలు, బూట్లు, టోపీ, దుప్పటి, తిండి ఖర్చు. ఎం.ఏ.లో సీటు రిజర్వేషన్ ఇస్తుంది. శిబిరానికి పొయ్యే ఖర్చు ఎవరిస్తారు? సగంమంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. జ్వరమని చెప్పి ఇంటికాడ ఉండిపోతారు. గుంట చూడకుండా పురావస్తు శాస్త్రంలో పట్టా తీసుకుంటారు. అలాంటి పట్టాకు రేపు ఉద్యోగంలో విలువెంత?

రెండో గడప పలకరింపు. గుడారంలో పక్క వేసుకోకముందే "మీ ఇంటిపేరేంది? మీదే ఊరు? ఊళ్ళోనా, బయటా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలోనే అన్నీ ఉన్నాయి. తర్వాత ఎవరూ ఏమీ అనరు. కంచాలు పక్కకు జరుగుతాయి, అంతే.

మూడో గడప పని. మొదటిరోజే పనులు పంచుతారు. ఒకరికి గట్టు బొమ్మ, ఒకరికి పెంకుల లెక్క, ఒకరికి మట్టం చూసే పరికరం. నాకు మన్ను ఎత్తించే పని ఇచ్చారు. "నీకు అలవాటేగా, వాళ్ళతో నువ్వయితే బాగా చేయిస్తావు" అన్నారు. తిట్టలేదు, నవ్వుతూ చెప్పారు. తట్ట మొయ్యటం నామోషీ కాదు. మా అమ్మ మోసింది, మా అమ్మమ్మ మోసింది. కానీ తట్ట మొయ్యటానికయితే ఎం.ఏ. దాకా రానక్కర్లేదు గదా! శిబిరం అయిపోయేనాటికి తోటి విద్యార్థికి గట్టు బొమ్మ గీయటం వచ్చింది, నాకు ముందే వచ్చిన పని మళ్ళీ వచ్చింది. ఒకే బడి, ఒకే మాస్టార్లు, రెండు చదువులు.

అయినా నేను అక్కడ నేర్చుకున్నాను. నేర్పింది గట్టు మీదోళ్ళు కాదు. ఆ ఊరి మాలపల్లె, మాదిగపల్లెల నుంచి కూలికి వచ్చిన ఆడోళ్ళు. నా మడిలో ఒక పెద్దామె ఉండేది. తాపీతో గీకుతా గీకుతా ఆగి, "ఇక్కడ మన్ను మారింది నాయనా, బూడిద కలిసింది" అంది. నాకేమీ కనపడలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని మన్ను నలిపించింది. పైది జిగురుగా ఉంది, కిందిది పిండిలాగా జారింది. గంట తర్వాత సూపర్‌వైజరు వచ్చి చూసి, నిజమేనని కొత్త పొరకు చీటీ గుచ్చాడు. సాయంత్రం రిజిస్టర్లో "నాలుగో పొర గుర్తించబడింది" అని ఎక్కింది.

ఎవరు గుర్తించారు? 'గుర్తించబడింది' అని రాస్తే గుర్తించిన మనిషి అక్కర్లేదు. తవ్వబడింది, సేకరించబడింది, గుర్తించబడింది. పురావస్తు నివేదికలన్నీ ఈ 'బడింది' భాషలోనే ఉంటాయి. ఆ 'బడింది' కింద మన అమ్మలు, నాయనలు వేలమంది పూడిపోయి ఉన్నారు. ఏ పొరలో ఉన్నారో చెప్పే చీటీ కూడా లేదు.

ఆమె ఒకరోజు "ఆ పుస్తకంలో మా గురించి ఏం రాస్తన్నారయ్యా? కాస్త చదివి చెప్పు" అనడిగింది. పని దిగాక నా డైరీ చదివి వినిపించాను. పక్క మడిలో బయటపడ్డ గుండ్రటి గుంటను 'చెత్తగుంట' అని రాసి ఉంది. ఒక ముసలాయన విని, "చెత్త వెయ్యటానికి ఎవుడన్నా అంత నున్నగా తవ్వుతాడా? అది జొన్నపాతర లాగుంది. అడుగున అలికారేమో చూడండి" అన్నాడు. మా మాస్టార్లలో ఒకాయన మంచివాడు. ఆ మాట చెబితే కొట్టిపారెయ్యకుండా మర్నాడు అడుగు గీకించి చూశాడు. అలికిన మన్ను పొర కనపడింది. పాతర అయ్యుండొచ్చని రిజిస్టర్లో దిద్దించాడు. దిద్దించినవాడి పేరు ఉంది. చెప్పినవాడి పేరు లేదు.

మన్ను ఎవరికి తెలుసు?

చదువుకున్నోళ్ళు కొందరు, కూలోళ్ళు చూపించింది తవ్వుతారు గానీ వాళ్ళకేం తెలుసు అంటారు. ఏం తెలుసో చెప్పుకుందాం.

రేగడి ఏదో, చవుడు ఏదో, గరువు ఏదో, ఇసుకపాటి నేల ఏదో అరికాలితో చెప్పగలిగినోళ్ళు మనోళ్ళు. బావి తవ్వేటప్పుడు ఏ లోతులో ఏ మన్ను వస్తుందో, ఏది కూలుతుందో, ఏది నిలబడుతుందో వడ్డెరోళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకానికి తెలుసు? పాత ఊరి దిబ్బల్ని మనోళ్ళు 'పాటి' అంటారు. ఆ పాటిమన్ను బళ్ళకెత్తి పొలాలకు ఎరువుగా తోలింది మన చేతులే. అందులో వచ్చే పెంకులు, పూసలు, సీసపు బిళ్ళలు ముందు చూసింది మన కళ్ళే. పురావస్తు శాఖ రాకముందే ఏ దిబ్బ పాతదో మనకు తెలుసు. ఆ తెలివికి కాగితం లేదు, అంతే తేడా.

కాగితం మనకు రాదా? ఉపాధి హామీ పనులు జరిగిన కాలంలో మన పేటల ఆడపిల్లలే మేట్లుగా నిలబడి, టేపు పట్టి గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి పుస్తకంలో రాశారు. లెక్క తప్పితే అధికారుల్ని నిలదీశారు. కొలిచి రాయటం అనేది గుంటలోని మనిషికి చేతకాని విద్యేమీ కాదు. చేతికి పుస్తకం ఇవ్వకపోవటమే అడ్డం.

పక్క దేశాల సంగతీ చూడండి. ఈజిప్టులో కుఫ్త్ అనే ఊరుంది. ఫ్లిండర్స్ పెట్రీ అనే దొర 1893-94లో అక్కడ తవ్వినప్పుడు ఆ ఊరి మనుషులకు పని నేర్పాడు. ఆ తర్వాత తరతరాలుగా కుఫ్త్ మనుషులు ఈజిప్టు అంతటా తవ్వకాల నిపుణులుగా పేరుపడ్డారు. అక్కడ కూడా పుస్తకం దొరల చేతిలోనే ఉంది. కనీసం నైపుణ్యం వాళ్ళదని లోకం ఒప్పుకుంది. మన దగ్గర అది కూడా లేదు. నాగార్జునసాగర్ నీళ్ళలో మునగబోతున్న నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వారు. వందకు పైగా చోట్ల కట్టడాలు బయటపడ్డాయి. అంత పని చేతుల్తో జరిగింది. తవ్వకం నడిపిన ఆర్. సుబ్రహ్మణ్యం గారి పేరు మనకు తెలుసు, తెలియాల్సిందే. చేతుల పేర్లు ఏవీ?

మేకు ఎక్కడ కొడితే చరిత్ర అక్కడ

"కూలి ఇస్తున్నారు గదా, ఇంక పుస్తకం ఎందుకు?" అని మనోళ్ళే కొందరు అడుగుతారు. జవాబు చెప్పాలి.

తవ్వకంలో మొదటి పని మేకు కొట్టటం. దిబ్బ మొత్తం ఎవరూ తవ్వలేరు. ఎక్కడ మేకు కొడతారో అక్కడి చరిత్రే బయటికొస్తుంది. ఇంతకాలం మేకులు ఎక్కువగా స్తూపాల మీద, గుళ్ళ మీద, కోటల మీద పడ్డాయి. నందిగామ ప్రాంతంలో గుమ్మడిదుర్రు గుట్ట మీది స్తూపాన్ని 1926-27లో పురావస్తు శాఖ తవ్వింది. మంచిదే. ఆ స్తూపానికి ఇటుకలు కాల్చినోళ్ళు ఎక్కడున్నారు? రాళ్ళు మోసినోళ్ళ గుడిసెలు ఎటువైపు? వాళ్ళేం తిన్నారు? ఏ కుండలో వండుకున్నారు? ఈ ప్రశ్న అడిగేవాడు గట్టు మీద ఉంటేనే మేకు అటు పడుతుంది. ఎవరి కడుపు కాలిందో వాళ్ళకే ఆ ప్రశ్న పుడుతుంది.

పేర్లు పెట్టటం చూడండి. భట్టిప్రోలు స్తూపాన్ని లంజదిబ్బ అన్నారు. గుడివాడలోనూ అదే పేరుతో దిబ్బ ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు దిబ్బ తవ్వితే రాతిబరిణెలు దొరికాయి. బుద్ధుడి ధాతువుల కోసం చేయించామని వాటి మీద రాసి ఉంది. బుద్ధుడి పేరున్న దిబ్బకు తిట్టు పేరు అంటుకుందంటే ఆ పేరు వెనక ఒక ఓటమి ఉంది. ఆడదాన్ని తిట్టే మాటనే బుద్ధుడిని తిట్టటానికి వాడారు. ఆ తిట్టు కింద ఏముందో చూపించింది తవ్వకమే.

అమరావతి సంగతి ఇంకా దగ్గరిది. అక్కడి మహాచైత్యానికి విధికుడు అనే చమ్మకారుడు, అంటే తోలుపని చేసే మనిషి, పూర్ణకుంభం చెక్కిన ఫలకం దానమిచ్చాడు. శాసనంలో తన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని రాయించాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరినీ కలుపుకుని ఇచ్చానన్నాడు. తోలుపని మనిషి, వాళ్ళ నాయన పంతులు! 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రాజచిహ్నంలో పూర్ణకుంభం ఉంది. ఆ బొమ్మ అమరావతి శిల్పం నుంచి వచ్చిందే. ప్రతి సర్కారు కాగితం మీదా అది ఉంటుంది. ఆ కుంభాన్ని చెక్కించి ఇచ్చినోళ్ళలో ఒక తోలుపనివాడు ఉన్నాడని మన బడిపిల్లల్లో ఒక్కరికైనా చెప్పారా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక్క శాసనం చూసి ఆ కాలంలో కులమే లేదు, అంతా సమానమే అని కేకలెయ్యకూడదు. పేరు ముందు వృత్తి రాసుకోవాల్సి వచ్చిందంటే వృత్తిని బట్టి మనిషిని గుర్తించే లోకం అప్పటికే ఉంది. శాసనం చెప్పేది ఇంతే: ఆ రోజు ఆ చైత్యం దగ్గర ఆ మనిషి ఇచ్చింది తీసుకున్నారు, పేరు రాశారు. ఇంతకంటే ఎక్కువ చెప్పాలంటే ఇంకా వెతకాలి. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో అంటరానివాళ్ళ గురించి రాసిన పుస్తకంలో, వాళ్ళు ఒకప్పుడు బౌద్ధులని, బౌద్ధం వదలనందుకే వెలి అయ్యారని అన్నారు. దాన్ని చివరి తీర్పుగా కాదు, పరీక్షకు నిలబెట్టిన సిద్ధాంతంగా మన ముందు పెట్టారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న మనిషి మనకు అప్పగించిన పని అది. పరీక్ష చెయ్యాల్సింది ఎవరు? మన కథను మనకు ఇష్టమైనట్టు తవ్వుకోవటానికి కాదు, దొరికింది దొరికినట్టు రాయటానికే మనం గుంటలో ఉండాలి. పై కులాలోళ్ళు తమకు కావాల్సింది తవ్వుకుంటున్నారని తప్పుపట్టే మనం అదే పని చెయ్యకూడదు.

బయటోళ్ళు సాధించుకున్నారు

న్యూయార్కు నగరంలో 1991లో సర్కారు ఆఫీసు కట్టటానికి పునాది తవ్వుతుంటే నల్లవాళ్ళ పాత శ్మశానం బయటపడింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషుల ఎముకలు. 400 మందికి పైగా తేలారు. నల్లజనం ఊరుకోలేదు. మా తాతల ఎముకల్ని మమ్మల్ని అడక్కుండా తీస్తారా అని వీధికెక్కారు. పోరాడి, ఆ ఎముకల అధ్యయనాన్ని నల్లవాళ్ళ యూనివర్సిటీ అయిన హోవార్డుకు, మైకేల్ బ్లేకీ అనే నల్లజాతి శాస్త్రవేత్త చేతికి తెప్పించారు. ఎంత బరువులు మోస్తే ఆ ఎముకలు అట్లా అరిగాయో, పిల్లలు ఏ వయసులో చనిపోయారో ఆయన బృందం తేల్చింది. 2003లో మర్యాదగా తిరిగి పూడ్చారు. 2006లో ఆ చోటును జాతీయ స్మారకం చేశారు. అదే ఎముకను, మోసినోళ్ళ మనవళ్ళు చూస్తే చరిత్ర వేరే మాట్లాడింది.

అమెరికాలో తవ్వకాల బడికి పోవాలంటే విద్యార్థే వేల డాలర్లు కట్టాలి. అందుకే అక్కడా పేదపిల్లలు తక్కువ. దీన్ని చూసి నల్లజాతి పురావస్తు శాస్త్రవేత్తలు కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయి దీవిలో, ఒకప్పటి బానిసల చెరకు తోట ఉన్నచోట 2017 నుంచి తవ్వకాల బడి నడిపారు. నల్లవాళ్ళ కాలేజీల విద్యార్థులకూ ఆ దీవి పిల్లలకూ కలిపి నేర్పారు.

అంత దూరమెందుకు, తమిళనాడు చూడండి. మదురై దగ్గర కీళడిలో 2014-15లో మొదలైన తవ్వకం జనం మాట అయింది. రాజులవీ గుళ్ళవీ కాక మామూలు మనుషులు బతికిన ఊరు బయటపడితే తమిళజనం తిరునాళ్ళకు పోయినట్టు పోయి చూశారు. 2023 మార్చిలో ఆ ఊళ్ళోనే మ్యూజియం తెరిచారు. దొరికిన చోటే దాచారు. మన మాంధాత మాత్రం ఇంకా పరాయి ఊళ్ళో ఉన్నాడు.

మనం అడగాల్సినవి

ఒకటి. ఏ తవ్వకమైనా సరే, పనిచేసిన ప్రతి మనిషి పేరూ ఊరూ రిజిస్టర్లోకి, అచ్చయ్యే నివేదికలోకి ఎక్కాలి. ఏ మడిలో ఎవరు ఏది చూశారో వాళ్ళ పేరుతో రాయాలి. పూసకు చీటీ కట్టినోళ్ళు మనిషికి కట్టలేరా?

రెండు. శిబిరానికి పొయ్యే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు దారి ఖర్చు, తిండి, పరికరాలతో పాటు ఇంట్లో పోగొట్టుకునే కూలికి సరిపడా భత్యం ఇవ్వాలి. ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. ఆ డబ్బు రోడ్లకూ బిల్డింగులకూ మళ్ళించటం మాని చదువుకు పెట్టాలి.

మూడు. శిబిరంలో పనులు వంతుల వారీగా తిరగాలి. ప్రతి విద్యార్థీ తట్ట ఎత్తాలి, ప్రతి విద్యార్థీ గట్టు బొమ్మ గీయాలి. అలవాటు పేరుతో కులాన్ని బట్టి పని పంచితే అది బడి కాదు.

నాలుగు. కూలికి వచ్చిన ఊరి మనుషులకు రోజుకో గంట పాఠం చెప్పాలి. తెలుగులో చెప్పాలి. నేర్చుకున్నోళ్ళకు సర్టిఫికెట్, నైపుణ్యానికి తగ్గ కూలి ఇవ్వాలి. వాళ్ళు చెప్పింది కూడా రాసుకోవాలి.

అయిదు. ధనం బోడు దగ్గర సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ పిల్లలకు ఏటా సెలవుల్లో శిబిరం పెట్టాలి. తవ్వకుండానే నేర్పగలిగింది బోలెడు ఉంది. కొలతలు తియ్యటం, పటం గీయటం, పెంకులు పోల్చటం, బ్రాహ్మీ లిపి చదవటం. మాంధాత శిల్పానికీ సిద్ధార్థుడి శాసనానికీ అచ్చుదించిన నకళ్ళు చేయించి జగ్గయ్యపేటలో పెట్టాలి.

ఆరు. తవ్విన ఊళ్ళో తెలుగులో నివేదిక చదివి వినిపించాలి. ఇంగ్లీషులో అచ్చేసి ఢిల్లీలో బీరువాలో పెడితే అది మళ్ళీ పూడ్చినట్టే.

ఇవి వాళ్ళు చెయ్యాల్సినవి. మనం చెయ్యాల్సినవీ ఉన్నాయి.

గుప్తనిధులని ఎవడో చెబితే రాత్రిళ్ళు పలుగు పట్టుకుని దిబ్బల మీదకు పోవద్దు. అక్కడ మనకు దొరికేది బంగారం కాదు, కేసు. పాత వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది. పైగా పొర చెదిరిందా, మన చరిత్రను మన చేత్తోనే చెరిపినట్టు. ట్రాక్టర్లతో పాటిమన్ను తోలే కంట్రాక్టర్లను ఆపండి. ఈ చుట్టుపక్కల సున్నపురాయి ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీల్లో పిండి అవుతోంది. రాతి మీద రాత ఉందో లేదో చూసే కన్ను క్వారీల్లో పనిచేసే మన కుర్రాళ్ళకు ఉండాలి. ఊరికో ఇద్దరు పిల్లలు నోటుపుస్తకం పట్టుకుని ముసలోళ్ళ దగ్గర కూర్చోండి. ఏ దిబ్బ పేరేంది, ఎప్పుడు ఏం దొరికింది, ఎవరు తవ్వారు, ఎవరు మోశారు, అన్నీ పేర్లతో రాయండి. మీ తాత ఏదన్నా తవ్వకంలో కూలికి పోయుంటే ఆయన పేరు ముందు రాయండి.

అన్నలారా, అక్కలారా! మనల్ని భూమి లేనోళ్ళంటారు. ఈ భూమి కింద ఏముందో మన చేతులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పలుగు మనది కాదని ఎవరూ అనరు, అది మనకే వదిలేశారు. పుస్తకం కూడా మనదేనని అడగాలి. పేరు రాసుకోవటం సిద్ధార్థుడికి 1700 ఏళ్ళ కింద చేతనైంది. మనకు ఇప్పుడు చేతకాదా?

మీ ఊరి పిల్ల ఒకతి తాపీ ఒక చేత, పుస్తకం ఒక చేత పట్టుకుని గుంటలో దిగే రోజు కోసం సంఘాల్లో మాట్లాడండి, హాస్టళ్ళలో మాట్లాడండి, గ్రామసభలో తీర్మానం పెట్టండి.

జై భీమ్.